అమ్మకుండానే అమ్ముడైన గాజిక్

ఆ పొద్దున కాసిమాలీ పెట్టుకున్నది చాలా మామూలు పని. గాజిక్ కీళ్లకు గ్రీజు పట్టించాలి. గుడారం కర్రలు, దుప్పట్లు, పాలగిన్నెలు అందులోకి ఎక్కించాలి. ఎండ నడినెత్తికి రాకముందే చోంగ్‌సూ ఏరు దాటి పై మేతభూములకు చేరాలి. మధ్యాహ్నం దాటిందంటే కొండమీది మంచు కరిగి ఏరు పొంగుతుంది. పొద్దున మోకాలి లోతుండే రేవు సాయంత్రానికి గుర్రాన్ని కూడా లాగేస్తుంది. మందలు ముందురోజే కొడుకుల వెంట పైకి వెళ్లిపోయాయి. ఇక మిగిలింది పెద్దవాళ్లూ, మూటలూ, వాటిని మోసే గాజిక్.

గాజిక్ అంటే సోవియట్ కాలం నాటి జీపు. సామూహిక వ్యవసాయ క్షేత్రం మూతపడినప్పుడు అందరూ గొర్రెల్ని పంచుకుంటే, కాసిమాలీ తండ్రి మాత్రం ఈ బండిని పట్టుకొచ్చాడు. అప్పటినుంచి దాని తలుపులు మారాయి, చక్రాలు మారాయి, రేడియేటర్ ఒక ట్రాక్టర్‌నుంచి వచ్చింది, సీట్ల మీదికి బురుల్‌కాన్ పెళ్లినాటి ఉన్ని తివాచీ చేరింది. మొదటినుంచీ మారనిది దాని శబ్దం ఒక్కటే అని ఊళ్లో నవ్వుతారు. అయినా ఏరు దాటాల్సిన రోజున అందరూ ఆ శబ్దం కోసమే చెవులు రిక్కిస్తారు. కాసిమాలీకి అది తండ్రి గొంతులా ఉంటుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"నా చేతులు పగిలి నెత్తురొస్తుంటే ఒక్కనాడైనా కాస్త కొవ్వు తెచ్చి రాశారా? దాని కీళ్లకు మాత్రం రోజూ పట్టిస్తారు," అంది భార్య బురుల్‌కాన్, మూటలు గుమ్మంలోకి తెస్తూ.

"నువ్వు కీచుమనవు కదే!" అన్నాడు బండి కిందనుంచి కాసిమాలీ.

"ఇకనుంచి అంటాను."

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఎవరో దగ్గారు. ముప్పై ఏళ్ల మనిషి. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, ప్యాంటు తొడలదాకా తడిసి ఉంది, బూట్లు చేతిలో ఉన్నాయి.

"సలాం అన్నా! నా పేరు తిలెక్. బిష్కేక్ నుంచి వస్తున్నాను. ఏట్లో దిగగల బండి ఊరు మొత్తానికి మీ ఒక్కరికే ఉందన్నారు."

"నీ బండి ఎక్కడుంది?"

"ఏట్లో."

"ఏట్లో ఎక్కడ?"

"మధ్యలో."

"కొత్తదా?"

"కొత్తదేనన్నా. నాలుగు చక్రాలూ లాగుతాయి. లోపల పెద్ద తెర కూడా ఉంది. దారి, లోతు, అన్నీ అదే చెబుతుంది."

"ఏం చెప్పింది మరి?"

"ఇంకా చెబుతూనే ఉంది." తిలెక్ గొంతు తగ్గించాడు. "కారు నాది కాదన్నా. మా బావమరిదిది."

కాసిమాలీ బండి కిందనుంచి బయటికొచ్చేశాడు. "ఆ మాట ముందే చెప్పొద్దూ! ఏరు లేవకముందే లాగేయాలి."

తిలెక్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. కృతజ్ఞతతో ఏదో ఒక మంచిమాట అనాలనిపించి, "ఎంత గట్టి బండి అన్నా! ఇలాంటివి ఇప్పుడెక్కడ దొరుకుతాయి!" అన్నాడు. ఆ మాట కాసిమాలీ ముందు అనకూడదు. అన్నవాళ్లకు బానెట్ ఎత్తి చూపించకుండా అతను ఒక్క అడుగు వేయడు. ఎత్తాడు, కార్బురేటర్ చూపించాడు, తన చేత్తో గీసి కూర్చిన పంపు చూపించాడు. తిలెక్ కళ్లు బానెట్‌మీద, చెవులు ఏటిమీద పెట్టుకుని తల ఊపాడు. చివరికి కాసిమాలీ చెయ్యి చాపాడు. "ఇక నీ కారు బాధ్యత నాది." ఇద్దరూ చేతులు కలిపారు.

ఆ చేతులు విడిపోకముందే ఎషిమ్‌కుల్ తాత వచ్చాడు.

ఊళ్లో అందరికంటే పెద్దాయన. చూపు సరిగా ఆనదు, దగ్గరి మాటే సగం వినిపిస్తుంది. భుజాన సంచీ, చేతిలో కర్ర. తెరిచిన బానెట్ ముందు ఇద్దరు మనుషులు చేతులు కలిపి నిలబడటం మసకమసకగా కనిపించింది. కర్ర గోడకు ఆనించి రెండు అరచేతులూ పైకెత్తాడు.

"దారి తెల్లగా ఉండాలి. చక్రం జారకూడదు. ఎక్కినవాళ్లు చల్లగా ఉండాలి. చేతులు కలిపినవాళ్ల మనసులు కలవాలి. ఓమిన్!"

తాత అరచేతులు లేస్తే ఆ కొండల్లో ఎవరి చేతులైనా వాటంతటవే లేస్తాయి. కాసిమాలీ చేతులూ లేచాయి, తిలెక్ చేతులూ లేచాయి. ఇద్దరూ "ఓమిన్" అని ముఖం మీదుగా అరచేతులు తుడుచుకున్నారు. తాత తృప్తిగా వెళ్లి ఎండ పడే గోడ పక్కన బల్లమీద కూర్చున్నాడు.

గోడ అవతల తివాచీ దులుపుతున్న పక్కింటి బుబుసారాకు మాటలేవీ వినిపించలేదు. చూసింది మాత్రం అంతా చూసింది. పట్నం మనిషి, తెరిచిన బానెట్, కలిసిన చేతులు, పెద్దాయన దీవెన. గుర్రాల సంతలో అమ్మకం సరిగ్గా ఇలాగే తెగుతుంది.

"వదినా! ఓ బురుల్ వదినా! గాజిక్ అమ్మేశారా? శుభం!"

ఆ కేక వీధి చివరిదాకా వెళ్లింది.

కాసిమాలీ నోరు తెరిచాడు. కానీ మాట రాలేదు. తాత ఊరికే దీవించడు కదా. ఈ పట్నం వాడు దారిలో ఆయనకు ఏం చెప్పాడో! బండి కొనడానికే వచ్చానన్నాడేమో! అందుకేనా అంత మెచ్చుకున్నాడు? ఇప్పుడు కాదంటే దీవెనను తాత మొహాన తిరిగి విసిరేసినట్టే. ఒకప్పుడు ఊళ్లో ఒకాయన అలా చేశాడు. ఇప్పటికీ ఆయన మనవల్ని 'దీవెన తిప్పేసినవాడి మనవలు' అనే పిలుస్తారు.

తిలెక్ కూడా నోరు తెరిచాడు. అతనికీ మాట రాలేదు. ఈ పెద్దాయనను పిలిపించింది కాసిమాలీయే అయి ఉంటుంది. బండి కొంటేగానీ కారు లాగరన్నమాట! కాదంటే బావమరిది కారు ఏట్లోనే ఉండిపోతుంది. అతను ఉండేది ఆరో అంతస్తులో. గాజిక్‌ను తీసుకెళ్లి ఏం చేసుకోవాలి?

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఇద్దరి నవ్వులోనూ ప్రాణం లేదు.

బురుల్‌కాన్ గుమ్మంలోకి వచ్చింది. మొగుడి వైపు చూసింది. "అమ్మేశారా?" అని మాత్రం అడిగింది. అతను ఏమీ అనకపోయేసరికి లోపలికి వెళ్లి పొయ్యిమీద పెద్ద కళాయి పెట్టింది. ఆవిడ తిట్టకపోవడంతో కాసిమాలీకి ఇంకా భయం వేసింది.

ఈలోగా బుబుసారా మొగుడు షమిర్‌బెక్ వచ్చేశాడు. ఒకప్పుడు సామూహిక క్షేత్రంలో మెకానిక్. ఇప్పుడు ఎవరూ పిలవకపోయినా మెకానిక్. అతని వెనక మరో నలుగురు. వాళ్ల వెనక ఒక గొర్రెపిల్ల.

"అమ్మకం అన్నాక మాంసం లేకపోతే ఎలా!" అన్నాడు షమిర్‌బెక్ చేతులు రుద్దుకుంటూ. "ధర తెగిందా?"

"ముందు కారు..." అన్నాడు తిలెక్.

"తమ్ముడూ, మా ఊళ్లో పద్ధతులున్నాయి. అమ్మిన గుర్రాన్ని అమ్మినవాడు మళ్లీ ఎక్కడు. ముందు ధర తెగాలి. తర్వాత నీ బండితో నీ కారు నువ్వే లాక్కుందువు." షమిర్‌బెక్ ఇద్దరి కుడిచేతులూ తీసుకుని కలిపి, వాటిని తన రెండు చేతులతో పట్టుకున్నాడు. "చెప్పు కాసిమాలీ."

కాసిమాలీకి ఒక ఆలోచన వచ్చింది. భయపడి పారిపోయే ధర చెప్పాలి. "ఏడు గుర్రాలు."

తిలెక్‌కూ ఒక ఆలోచన వచ్చింది. కోపమొచ్చి గెంటేసే ధర చెప్పాలి. "ఒక మేక."

షమిర్‌బెక్ ఇద్దరి చేతుల్నీ గట్టిగా పైకీ కిందికీ ఊపాడు. "ఏడుకూ ఒకటికీ మధ్య ఎంత? నాలుగు గుర్రాలు! మేక నాకు. తెగింది!"

చుట్టూ ఉన్నవాళ్లు శభాష్ అన్నారు. చేతులు కలిపినవాళ్లిద్దరూ మాత్రం పన్ను పీకించుకుంటున్నట్టు కళ్లు మూసుకున్నారు.

"గుర్రాన్ని అమ్మితే కళ్లెం ఇంట్లో ఉంచుకుంటాం, లేకపోతే ఇంటి అదృష్టం దాంతోపాటే పోతుంది," అన్నాడు షమిర్‌బెక్ నవ్వుతూ. "ఈ బండికి కళ్లెమేముందిలే! పాపం కాసిమాలీ!"

ఆ మాట కాసిమాలీ బుర్రలో దిగబడింది. చివరిసారి చూసుకుంటానని బానెట్ కిందికి వంగాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకూ కరెంటు పంచే ముక్కను లాగేశాడు. బొటనవేలంత ఉంటుంది. అది లేకపోతే ఎంత మంచి ఇంజనైనా రాయితో సమానం. మూత మళ్లీ బిగించాడు. బండి కదలకపోతే పట్నం వాడే వద్దంటాడు. వద్దన్నది వాడు కాబట్టి దీవెన తిప్పేసిన పాపం తనకంటదు. ఆ క్షణంలో అతనికి ఏరు గుర్తే లేదు.

అంతలో బురుల్‌కాన్ కురుత్ సంచీతో బయటికొచ్చింది. కురుత్ అంటే ఎండబెట్టిన పెరుగు ఉండలు. నిరుటివి కావడంతో రంగుమారి రాళ్లలా ఉన్నాయి. "వెనకాల ఏం దాస్తున్నారు?" అని అడిగింది. కాసిమాలీ గుప్పిట సంచీలోకి జారింది, ఖాళీగా బయటికొచ్చింది.

"ఒక్క కురుత్ తీసుకున్నానే."

ఆవిడ అతని మొహం చూడలేదు. బల్ల దగ్గరికి వెళ్లి గుప్పెడు ఉండలు తీసి ఎషిమ్‌కుల్ తాత జేబులో పోసింది. మిగిలినవి చుట్టూ ఉన్నవాళ్లకు పంచింది.

తిలెక్ డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. షమిర్‌బెక్ ముందు చేత్తో తిప్పే ఇనుపకమ్మీ పెట్టి తిప్పాడు. గాజిక్ ఒకసారి నిట్టూర్చి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ నిట్టూర్పే.

"ప్రాణం పోయినట్టుంది తమ్ముడూ," అన్నాడు కాసిమాలీ విచారంగా. "ఇలాంటిదాన్ని నీకెలా అంటగట్టను! నువ్వు వద్దంటే నేనేమీ అనుకోను."

తిలెక్ మొహం తెల్లబడిపోయింది. "లేదన్నా! ఎలాగైనా స్టార్ట్ అవ్వాలి! ఇది కదలకపోతే నా గతేంటి?"

వీడికి నా బండిమీద ఎంత ఆశ, అనుకున్నాడు కాసిమాలీ.

"నేనున్నాగా!" షమిర్‌బెక్ చొక్కా చేతులు మడిచాడు. "పెట్రోలు అందట్లేదు. నాకు శబ్దంలోనే తెలిసిపోయింది."

"పెట్రోలు బానే ఉంది. ముట్టుకోకు."

"ఇక నీ బండి కాదుగా! పక్కకు జరుగు."

కాసిమాలీకి పక్కకు జరగక తప్పలేదు. డిస్ట్రిబ్యూటర్‌ను మాత్రం నిన్ననే కొత్తగా బిగించానని, అటు చెయ్యి పెట్టొద్దని చెప్పాడు. అటు పెట్టలేదు. తక్కిన అన్నిచోట్లా పెట్టారు. షమిర్‌బెక్ పెట్రోలు పంపు విప్పాడు. ఇంకొకాయన కాదు, కార్బురేటర్ అన్నాడు, అదీ విప్పారు. ప్లగ్గులు తీసి మసి గీకారు. తండ్రి బిగించిన బోల్టులు, తాను దారం చుట్టి కాపాడుకున్న గొట్టాలు అన్నీ ఒక్కొక్కటే వాకిట్లో పరిచిన తివాచీ మీదికి చేరుతుంటే కాసిమాలీ తన పేగులు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. తప్పు ఒప్పుకుంటే ఊరంతా నవ్వుతుంది. ఒప్పుకోకపోతే బండి మిగలదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. అప్పుడు ఆ చప్పుడు వినిపించింది. ఏటి అడుగున రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు. అక్కడివాళ్లందరికీ అది తెలుసు. పనిచేస్తున్న చేతులు ఆగాయి.

బుబుసారా పరిగెత్తుకొచ్చింది. "నీళ్లు తలుపు పిడిదాకా వచ్చేశాయి! ఆ తెల్లకారు కదులుతోంది!"

తిలెక్ అక్కడే నేలమీద కూలబడ్డాడు. "అయిపోయింది. మా బావమరిది నన్ను బతకనివ్వడు. అన్నా, నీకు ఏడు గుర్రాలే ఇస్తాను. ముందు ఆ కారు లాగించు!"

కాసిమాలీ అతనివైపు చూశాడు. మనిషి కళ్లలో నీళ్లున్నాయి, తన బండి మీద ఆశ మాత్రం ఎక్కడా లేదు. పొద్దున ఇచ్చిన మాట గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. గబగబా కురుత్ సంచీ దగ్గరికి వెళ్లాడు. సంచీ తిరగేశాడు. పొడి రాలింది తప్ప ఏమీ లేదు.

"బురుల్! ఇందులోవి ఏం చేశావ్?"

"పంచేశాను. ఆకలేస్తోందా ఏంటి, ఇంత గొడవలో?"

"ఎవరికిచ్చావే?"

ఆవిడ జవాబు చెప్పేలోగా బల్లమీదనుంచి ఎషిమ్‌కుల్ తాత దగ్గాడు. నోట్లోంచి ఏదో తీసి ఎండకు ఎత్తి పట్టుకున్నాడు.

"అమ్మా బురుల్, ఇదెలా ఎండబెట్టావమ్మా? పొద్దుటినుంచి చప్పరిస్తున్నా, కరగట్లేదు. ఉప్పు కూడా లేదు."

తాత వేళ్ల మధ్య తడిసి నిగనిగలాడుతోంది నల్లటి ముక్క. దాని నెత్తిన ఇత్తడి పట్టీ మెరిసింది. షమిర్‌బెక్ దాన్ని చూశాడు, బానెట్ వైపు చూశాడు, తివాచీ మీద పరిచిన ఇంజన్ను చూశాడు. చివరికి కాసిమాలీని చూశాడు.

"ఒరే! ఇది తాత నోట్లోకి ఎలా వెళ్లిందిరా?"

కాసిమాలీ తల వంచుకున్నాడు.

"అమ్మినవాడు కళ్లెం ఉంచుకోవాలన్నావుగా. ఉంచుకున్నాను."

"కళ్లెమా?" తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏ గుర్రం అమ్మావురా?"

"గుర్రం కాదు తాతా. గాజిక్," అని షమిర్‌బెక్ ఆయన చెవిలో అరిచాడు. "మీరే కదా దీవించారు!"

"గాజిక్ అమ్మేశాడా?" తాత కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. "మరి నేను పైకి ఎలా వెళ్లాలి? ఇవాళ ప్రయాణం కదా అని సంచీ సర్దుకుని పొద్దున్నే వచ్చా. దారి దీవించా. బండి ఎక్కమంటారేమోనని అప్పటినుంచి కూర్చునే ఉన్నా! ఏటేటా ముందు సీటు నాదే కదరా!"

"మరి చేతులు కలిపిందెందుకు?" అంది బుబుసారా.

"కారు లాగుతానని!" కాసిమాలీ తిలెక్ వైపు తిరిగాడు. "నువ్వు కొనడానికి రాలేదా?"

"నేనెందుకు కొంటానన్నా! నేనుండేది ఆరో అంతస్తు! కొంటేగానీ మీరు లాగరనుకున్నాను!"

"మరి ఒక్కమాట అనొచ్చుగా!"

"మీరూ అనలేదుగా!"

"తర్వాత కొట్టుకోండి!" బురుల్‌కాన్ గొంతు కొరడాలా తగిలింది. "ముందు ఇంజను బిగించండి!"

అందరూ తివాచీ మీద పడ్డారు. విప్పినప్పుడు ఎవరి నోరు వారిదే. బిగించేటప్పుడు ఒక్కరూ మాట్లాడలేదు. రాళ్ల చప్పుడు పెరుగుతోంది. ప్లగ్గులు ఎక్కాయి, పంపు ఎక్కింది, గొట్టాలు బిగిశాయి. ఒక బోల్టు మిగిలింది. షమిర్‌బెక్ దాన్ని ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. కాసిమాలీ తాత ఉమ్మిని చొక్కాతో తుడిచి, ఆ ముక్కను దాని చోట కూర్చోబెట్టాడు.

"ఫ్యాన్ బెల్టు తీశారా?" అంది బురుల్‌కాన్. "అది తిరుగుతుంటే నీళ్లన్నీ ప్లగ్గుల మీద చిమ్మదూ!"

తీయలేదు. కాసిమాలీ అప్పుడు తీశాడు. ఆవిడకు ఆ సంగతి తెలుసునని అతనికి ఆ రోజే తెలిసింది.

ఇనుపకమ్మీ ఒక్కసారి తిరిగింది. గాజిక్ దగ్గింది, ఉమ్మింది, ఆ తర్వాత ఊరంతటికీ తెలిసిన ఆ గొంతుతో అరిచింది.

ఏటి దగ్గర తెల్లకారు ఒక పక్కకు ఒరిగి ఉంది. షమిర్‌బెక్ నడుముకు తాడు కట్టుకున్నాడు. దాని కొస నలుగురు పట్టుకోగా ఇనుపతీగ చేతపట్టుకుని నీళ్లలో దిగాడు. రెండుసార్లు మునిగాడు. మూడోసారి లేచేసరికి తీగ కారు కొక్కేనికి తగిలించి ఉంది. కాసిమాలీ గాజిక్‌ను వెనక్కి దింపి, తీగ రెండో కొస దానికి తగిలించి, చిన్న గేర్లో ముందుకు లాగాడు. తీగ బిగిసి సన్నగా పాడింది. గాజిక్ వెనక చక్రాలు గులకరాళ్లను చిమ్ముతూ ఉన్నచోటే తిరిగాయి. ఒక్క బెత్తెడు వెనక్కి జారింది. ఇంకో బెత్తెడు.

"వదిలెయ్ అన్నా!" అని అరిచాడు తిలెక్. "నీ బండి కూడా పోతుంది!"

కాసిమాలీ వదల్లేదు. స్టీరింగ్ పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

అప్పుడు బురుల్‌కాన్ పావడా ఎత్తిపట్టుకుని నీళ్లలోకి నడిచింది. గాజిక్ వెనక తలుపు తీసి లోపలికెక్కి కూర్చుంది. "చూస్తారేంటి, ఎక్కండి!" అంది ఒడ్డున ఉన్న ఆడవాళ్లతో. బుబుసారాతో సహా అందరూ ఎక్కారు. "ముప్పై ఏళ్లుగా మూటలతోపాటు వెనకే కూర్చుంటున్నాను. బరువు ఎక్కడ కావాలో నాకు తెలియదా!"

చక్రాలు కరుచుకున్నాయి. గాజిక్ ముందుకు పాకింది. ఆగింది. మళ్లీ పాకింది. తెల్లకారు ముక్కు నీళ్లలోంచి లేచింది, తర్వాత అద్దాలు, తర్వాత చక్రాలు. ఒడ్డెక్కాక తిలెక్ తలుపు తీశాడు. ఏరు సగం బయటికొచ్చింది. దాని వెనకే లోపలి తెరలోంచి ఒక ఆడగొంతు మర్యాదగా, "వీలైనప్పుడు వెనక్కి తిరగండి," అంది.

ఆ సాయంత్రం ఎవరూ ఏరు దాటలేదు. కోసిన గొర్రెపిల్ల కళాయిలో ఉడికింది. అమ్మినవాడూ లేని, కొన్నవాడూ లేని ఆ విందు వాకిట్లోనే జరిగింది. తిలెక్ గాజిక్ వైపు చూస్తూ అడిగాడు.

"అన్నా, నిజంగా అమ్మరా?"

కాసిమాలీ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. జవాబు బురుల్‌కాన్ చెప్పింది.

"అమ్మం. కీచుమనేవాళ్లం ఇద్దరమూ ఈ ఇంట్లోనే ఉంటాం."

కాసిమాలీ లేచి వెళ్లి గొర్రెకొవ్వు గిన్నె తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు.

తెల్లకారు చుట్టూ తిరుగుతున్న షమిర్‌బెక్ తిలెక్‌ను పిలిచాడు. "దిగులుపడకు తమ్ముడూ. పొద్దున్నే మొదలుపెడతా. మొత్తం విప్పి ఎండబెడతా."

"మొత్తమా?"

"మొత్తం! పూర్తిగా నాకు వదిలెయ్." షమిర్‌బెక్ చెయ్యి చాపాడు. తెరిచి ఉన్న బానెట్ ముందు ఇద్దరూ చేతులు కలిపారు.

అప్పుడే ఎషిమ్‌కుల్ తాత చివరి ఎముక పక్కన పెట్టి, తిన్న తిండికి అరచేతులు పైకెత్తాడు. "ఓమిన్!" వాకిట్లో అన్ని చేతులూ లేచాయి. షమిర్‌బెక్‌వీ లేచాయి, తిలెక్‌వీ లేచాయి. కాసిమాలీవి మాత్రం, "దేనికి తాతా?" అని అడిగి, "మాంసానికిరా!" అని విన్నాకే లేచాయి.

వీధి అవతలి గోడ మీదినుంచి ఎవరో ముసలావిడ కేక వేసింది. "తెల్లకారు షమిర్‌బెక్ కొనేశాడర్రోయ్! శుభం!"

పళ్లెం పట్టుకుని నిలబడ్డ బుబుసారా నోరు మొట్టమొదటిసారి తెరుచుకుని అలాగే ఉండిపోయింది. బురుల్‌కాన్ తీరిగ్గా ఆవిడ పక్కకు వెళ్లి, "శుభం వదినా," అంది.

బావమరిదికి మాత్రం ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు.